భేజ్జి గ్రామము – ఇంటర్నెట్టు విద్య – మన కర్తవ్యము

(సమాఖ్య అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



సామాజిక మాధ్యమములను, అందరికిని తెరచియున్న ఇంటర్నెట్టు వేదికలను మన చదువుకొరకు ఎట్లు వినియోగించుకొనవలెను అను విషయమును గురించి మాట్లాడుమని మీరు నన్ను కోరినారు. ఇట్టి విషయము మాట్లాడువారు సాధారణముగా హైదరాబాదునుండియో, బెంగుళూరునుండియో ప్రారంభించెదరు. నేను బస్తరు అడవులలోని భేజ్జి గ్రామమునుండి ప్రారంభించుచున్నాను. ఇందుకు కారణము మన రైల్వే సోదరులకు వెంటనే తెలియును. పట్టాల బలము గట్టినేల మీద తెలియదు; వంతెన మీదను, వానకు నానిన కట్ట మీదను తెలియును. ఒక విద్యావిధానము బలమైనదో కాదో తెలిసికొనవలెనన్నను, అది మిక్కిలి కష్టముతో చేరగలిగిన చోటనే దానిని పరీక్షింపవలెను.

భేజ్జి పరిస్థితి

భేజ్జి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో సుక్మా జిల్లా, కొంటా ప్రాంతమునకు చెందిన గ్రామము. సుక్మా జిల్లాను 2012లో దంతెవాడ జిల్లానుండి విడదీసి ఏర్పరచిరి. కొంటా శబరినది ఒడ్డున, ఆంధ్రప్రదేశ్ సరిహద్దున ఉన్నది. అక్కడినుండి చింతూరు మీదుగా భద్రాచలమునకు రహదారి కలదు. ఆ వైపు సంతలలో తెలుగు వినబడును. పల్లెలలో దోర్లా, మురియా తెగలవారు నివసించుచున్నారు. దోర్లాల మాట కోయభాషకు దగ్గరిది. కార్యాలయములలోను, పాఠశాలలలోను నడచునది హిందీ. అనగా అక్కడి బిడ్డకు ఇంటిలో ఒక భాష, సంతలో ఒక భాష, బడిలో మరియొక భాష.

2005లో సల్వాజుడుం ప్రారంభమైన పిమ్మట దక్షిణ బస్తరు జీవితము ఛిన్నాభిన్నమైనది. ఊళ్లు ఖాళీ అయినవి. అనేకమంది ఆదివాసులు సరిహద్దు దాటి తెలుగు జిల్లాలకు వలస వచ్చిరి. పాఠశాలలు కొన్ని కూలినవి, అనేకము మూతపడినవి. పిల్లలను రహదారుల ప్రక్కన వెదురుతో కట్టిన పోర్టా కేబిన్ వసతిబడులకు తరలించిరి. ఆదివాసి యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి వారి చేతికి ఆయుధములిచ్చుట రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2017 మార్చి 11న భేజ్జి సమీపమున రోడ్డు పనికి కాపలాగా వెళ్లిన సి.ఆర్.పి.ఎఫ్. జవానులు 12 మంది మావోయిస్టుల దాడిలో మరణించిరి. రోడ్డు వేయుటకే ప్రాణములు పోయిన చోటికి పుస్తకము, ఉపాధ్యాయుడు, ఉత్తరము, ఫోను సిగ్నలు ఎంత కష్టముతో చేరినవో వేరుగా చెప్పనక్కరలేదు.

అట్టి బస్తరులోనే, చదువుకొరకు కాకపోయినను, ప్రజలు ఒకరినుండి ఒకరు నేర్చుకొను వేదిక యొకటి పుట్టినది. ఈనాడు మనము దానినుండి నేర్చుకొనవలసినది చాల కలదు.

ఫోనే రేడియో అయిన విధము

2011 జనాభా లెక్కల ప్రకారము గోండి మాట్లాడువారు 29 లక్షలకు పైగా ఉన్నారు. గోండి, కోయ భాషలు తెలుగుతోపాటు ద్రావిడ భాషలలో ఒకే శాఖకు చెందినవి. అనగా మన భాషకు తోబుట్టువులు. అయినను గోండి రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో లేదు. గోండులు అనేక రాష్ట్రములలో చెదరియుండుటచే, ఒక్కొక్కచోట ఒక్కొక్క రాష్ట్రభాషలో చదువుకొనవలసినవారైరి. వారి భాషలో దినపత్రిక లేదు. రేడియో పెట్టుకొందమన్నను, ప్రైవేటు రేడియో కేంద్రములు స్వంత వార్తలు ప్రసారము చేయుటకు మన దేశములో అనుమతి లేదు.

బి.బి.సి.లో పనిచేసిన పాత్రికేయుడు శుభ్రాంశు చౌధురి, బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞుల సహాయముతో 2010లో ‘సీజీనెట్ స్వర’ అను వేదికను ఆరంభించిరి. దాని పనితీరు మిక్కిలి సులభము. గ్రామస్థుడు తన మామూలు ఫోనునుండి ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇచ్చును. అవతలి యంత్రము తానే తిరిగి పిలుచును. కావున అతనికి ఖర్చు లేదు. ఒక మీట నొక్కిన తన మాట నమోదగును. మరియొక మీట నొక్కిన ఇతరులు చెప్పినది వినవచ్చును. వచ్చిన మాటలను కొందరు విని, నిజానిజములు విచారించి ప్రసారమునకు విడుదల చేయుదురు. బావి ఎండినదనియో, కూలి డబ్బు రాలేదనియో ఒకడు చెప్పును. సంబంధిత అధికారి ఫోను నంబరు కూడ చెప్పును. నగరమున విన్నవారు ఆ అధికారికి ఫోను చేసి అడుగుదురు. పని జరిగినచో ఆ గ్రామస్థుడే మరల పిలిచి ఆ సంగతి చెప్పును. చదువు రానివాడును, స్మార్టుఫోను లేనివాడును ఇందులో పాల్గొనవచ్చును.

ఇంటర్నెట్టు లేని పల్లెల కొరకు బ్లూటూత్ ద్వారా ఒక ఫోనునుండి మరియొక ఫోనుకు కార్యక్రమములను పంచు పద్ధతిని వీరు అనుసరించిరి. జనుల నోట బ్లూటూత్ ‘బుల్టూ’ అయినది. ‘బుల్టూ రేడియో’ అను పేరు దానినుండియే వచ్చినది. ‘ప్రథమ్ బుక్స్’ సంస్థ 2015లో ఆరంభించిన ‘స్టోరీవీవర్’ అను వేదికలో పిల్లల కథలను ఎవరైనను ఉచితముగా చదువుకొనవచ్చును, తమ భాషలోనికి అనువదించి అక్కడనే ఉంచవచ్చును. అందులో గోండి కథలును చేరినవి. కథను గోండిలోనికి తెచ్చినవాడు గోండు. అతడు పాఠకుడు మాత్రమే కాదు, గ్రంథకర్త కూడ అయినాడు.

2020లో కరోనా కారణముగా బడులు మూతపడినప్పుడు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము ఏప్రిల్ నెలలో ‘పఢయీ తుంహర్ దుఆర్’ – అనగా ‘నీ గుమ్మములో చదువు’ – అను ఇంటర్నెట్టు పాఠముల పథకమును ఆరంభించినది. కాని గుమ్మములున్నవి గాని, గుమ్మము వద్దకు సిగ్నలు రాలేదు. కావున ఆ ఏడాది ఆగస్టు 15న అదే ప్రభుత్వము మరి రెండు పద్ధతులను ప్రకటించినది. ఒకటి, సంఘము సహాయముతో పేటలోనే పిల్లలను కూర్చుండబెట్టి చదివించుట. రెండవది, ‘బుల్టూ కే బోల్’ – పాఠమును ధ్వని రూపమున బ్లూటూత్ ద్వారా ఫోనునుండి ఫోనుకు చేర్చుట. నగరములోని మేధావులు తయారుచేసిన వేదిక ఆగిపోయిన చోట, అడవి ప్రజలు అలవాటు చేసికొనియున్న ఉపాయము పనికి వచ్చినది.

దీనినుండి మనకు మూడు సంగతులు తెలియుచున్నవి. పాఠము నేర్చుకొనువాని భాషలో ఉండవలెను. అతనియొద్దనున్న పరికరముతో, అతడు కూడుకొను చోట అందవలెను. అన్నింటికంటె ముఖ్యముగా, వినువాడు తిరిగి మాట్లాడగలిగి ఉండవలెను. మూడవది లేనిచో అది చదువు కాదు, ప్రకటన మాత్రమే.

మన శాఖలే తొలి దారులు

ఇది మనకు క్రొత్త విషయము కాదు. 1935లో కృష్ణా డెల్టా కాలువలపై పెదవడ్లపూడి, కొల్లిపర గ్రామముల నడుమ పడవ గ్రంథాలయము నడచినది. ప్రయాణము చేయుచున్న రైతు పడవలోనే పుస్తకము చదివెను. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయము, 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఉత్తరముల ద్వారా బోధన ఆరంభించినవి. ఆ పాఠములను మోసినది ఎవరు? ఆర్.ఎం.ఎస్. బోగీలో నిలబడి సంచులు విప్పిన సార్టరు, ఎండలో సైకిలు త్రొక్కిన పోస్టుమాను. 1982లో భారతదేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము హైదరాబాదులో ఏర్పడినది; నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరిట నడచుచున్నది. కళాశాల ముఖము చూడని ఎందరో ఉద్యోగులు దాని ద్వారా పట్టభద్రులైరి. ఇట్టి చరిత్రగల తపాలాశాఖ 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్టు సౌకర్యమును తొలగించుట విచారకరము. పుస్తకము చౌకగా పోవు దారి మూయునప్పుడు, ఆ పాఠకుని చేతికి మరియొక దారి అందినదా లేదా అని అడుగుట మన బాధ్యత.

నేడు లభించునవి

ఉచితముగా లభించు విద్యాసామగ్రి నేడు నిజముగానే విస్తారముగా ఉన్నది. ఐ.ఐ.టి.లు, బెంగుళూరు విజ్ఞానసంస్థ కలిసి 2003లో ఆరంభించిన ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠములు, 2017 జూలై 9న ఆరంభమైన ‘స్వయం’ వేదికలోని పాఠములు ఎవరైనను వినవచ్చును. ధ్రువపత్రమునకు పరీక్ష వ్రాయువారు మాత్రమే రుసుము చెల్లింపవలెను. తెలంగాణలో ‘మన టీవీ’గా ఆరంభమై 2017లో ‘టీ-శాట్’గా మారిన సంస్థ పోటీ పరీక్షల పాఠములను తెలుగులో ప్రసారము చేయుచున్నది, వానిని యూట్యూబులోను చూడవచ్చును. తెలుగు వికీపీడియా 2003 నుండి సామాన్య పాఠకులు వ్రాసి, సామాన్య పాఠకులే దిద్దుచున్న విజ్ఞానకోశము.

2016 జనవరిలో ముంబై సెంట్రల్ స్టేషనులో ఆరంభమైన ఉచిత వైఫై సౌకర్యమును రైల్‌టెల్ సంస్థ నేడు 6,000కు పైగా స్టేషన్లలో నడుపుచున్నది. దినమునకు మొదటి అరగంట ఉచితము. ఎర్నాకుళం జంక్షనులో బరువులు మోయు కూలీ ఒకరు ఈ వైఫైతో పాఠములు దింపుకొని, చెవిలో వినుచు మూటలు మోసి, కేరళ పబ్లిక్ సర్వీసు కమిషను వ్రాతపరీక్షలో ఉత్తీర్ణుడైన సంగతి 2018లో పత్రికలన్నియు వ్రాసినవి. ఆ సోదరుని పట్టుదలకు మనము తల వంచవలసినదే. కాని ఒక ప్రశ్న వేయక తప్పదు. తల మీద బరువు, చెవిలో పాఠము – ఈ స్థితి ఆదర్శమా, లేక చదువుకొనుటకు అతనికి వేరు సమయము లేదనుటకు సాక్ష్యమా?

ఎవరి ఎనిమిది గంటలు?

ఇదియే ఈనాటి నా ప్రసంగమునకు ప్రాణము. మన పెద్దలు పోరాడి దినమును మూడు భాగములు చేసిరి. ఎనిమిది గంటలు పని; ఎనిమిది గంటలు విశ్రాంతి; ఎనిమిది గంటలు మన ఇష్టము. పదోన్నతికి అవసరమని యజమాని చెప్పు చదువు ఈ మూడింటిలో దేనికి చెందవలెను?

2020 సెప్టెంబరు 2న కేంద్ర మంత్రివర్గము ‘మిషన్ కర్మయోగి’ని ఆమోదించినది. దాని ననుసరించి ‘ఐగాట్ కర్మయోగి’ వేదికలోను, తపాలాశాఖ 2022 జూన్ 28న ఆరంభించిన ‘డాక్ కర్మయోగి’ వేదికలోను ఉద్యోగులకు పాఠములు ఉంచుచున్నారు. ఎప్పుడైనను, ఎక్కడైనను చదువుకొనవచ్చునని దీనిని ప్రశంసించుచున్నారు. శిక్షణను మనము వ్యతిరేకింపము. శిక్షణ కావలెనని కోరినవారమే మనము. కాని ‘ఎప్పుడైనను’ అను మాట రాత్రి డ్యూటీ దిగిన పాయింట్స్‌మన్ నిద్రవేళ అయినచో, ‘ఎక్కడైనను’ అను మాట అతని స్వంత ఫోను, స్వంత డేటా ఖర్చు అయినచో, అది ఉచిత విద్య కాదు. దాని ఖరీదు కార్మికుడు తన విశ్రాంతితో చెల్లించుచున్నాడు.

గ్రామీణ డాక్ సేవకుని సంగతి ఇంకను స్పష్టము. అతనికి వేతనము లెక్కించునది దినమునకు నాలుగు, లేక ఐదు గంటలకు. అతడు రెగ్యులర్ ఉద్యోగిగా లెక్కకు రాడు. పోస్టుమాను, ఎం.టి.ఎస్. ఉద్యోగములకు శాఖాపరీక్ష వ్రాయుట అతనికి పైకి పోవు ఒక మెట్టు. నగరములోని అభ్యర్థికి కోచింగు, వేగముగల ఇంటర్నెట్టు, గ్రంథాలయము ఉన్నవి. కొండప్రాంతపు సేవకుడు సిగ్నలు కొరకు గుట్ట ఎక్కవలెను. ఇద్దరికిని ప్రశ్నపత్రము ఒక్కటే. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము తీవ్రవాద ప్రభావిత ప్రాంతములలోని 2,343 టవర్లను 4జీకి మార్చుటకు అనుమతించినది. అదే ఏడాది జూలైలో సిగ్నలు లేని 24,680 గ్రామములకు 4జీ ఇచ్చు పథకమును ఆమోదించినది. ఇవి స్వాగతింపదగినవి. కాని టవరు నిలిచినంతమాత్రమున పాఠము తెలుగులోను, కోయలోను మాట్లాడదు. చదువుకొనుటకు ఒక గంట సమయము పుట్టదు. ఆ రెండును సంఘము సాధింపవలసినవి.

పాఠము ఎట్లుండవలెను?

మనము స్వయముగా చేయగలిగినదానిని ఒక ఉదాహరణతో చెప్పెదను. పట్టా విరిగినది, ట్రాక్‌మన్ లైనును కాపాడవలెను. బ్రాడ్‌గేజి మీద 600 మీటర్ల దూరమున ఒక డిటొనేటరు, 1,200 మీటర్ల దూరమున పది మీటర్ల ఎడముతో మూడు డిటొనేటర్లు అమర్చవలెనని నియమము. ఈ అంకెలను కంఠస్థము చేయించు వీడియోలు లభించును. కాని ఒక యువ ట్రాక్‌మన్ ‘నడుమ 600 మీటర్ల వద్ద ఒకటి ఎందుకు?’ అని వాట్సాప్ బృందములో గొంతుతో అడిగినాడనుకొనుడు. అనుభవజ్ఞుడైన మేటు ఇట్లు బదులు చెప్పును: ‘నీవు 1,200 మీటర్లు పరుగెత్తి చేరులోపలనే బండి వచ్చినచో? ఆ ఒక్కటియైనను డ్రైవరును హెచ్చరింపవలదా?’ అప్పుడు ఆ అంకె జ్ఞానమగును. ఆ రెండు నిమిషముల సంభాషణను నియమము సంఖ్యతో, తేదీతో భద్రపరచినచో తరువాత చేరు వందమందికి అది పాఠ్యగ్రంథము.

తపాలా సోదరుల సంగతియు ఇట్టిదే. పదేండ్లలోపు ఆడపిల్ల పేరిట సుకన్య సమృద్ధి ఖాతా తెరచు విధానము ఇంగ్లీషులోను, హిందీలోను వ్రాసియున్నది. కోయపల్లెలోని తల్లికి ఆమె మాటలో వివరింపగలిగిన బ్రాంచి పోస్టుమాస్టరు దానిని నమోదు చేసి ఇచ్చినచో, అది ఇరుగుపొరుగు కార్యాలయములన్నింటికిని ఉపకరించును. ఏండ్ల తరబడి పనిచేసి పదవీ విరమణ చేసినవారి అనుభవము మనయొద్దనున్న గొప్ప గ్రంథాలయము. అది వారితోపాటు వెళ్లిపోవకుండ చూచుకొనవలెను.

జాగ్రత్తలు

ఈ మాధ్యమములలో అపాయములును కలవు. 2018 మేలో పిల్లలను ఎత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను పుకార్లు వాట్సాప్‌లో వ్యాపించి, తెలుగు రాష్ట్రములలోను అమాయకులు దాడులకు గురియైరి. ఆ ఏడాది జూలైలో ఆ సంస్థ ఒక సందేశమును ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండ మన దేశములో పరిమితి పెట్టినది. రైల్వే ఉద్యోగములని, తపాలా బహుమతులని నకిలీ ప్రకటనలు వచ్చుచున్నవి. తేదీ, సంఖ్య, జారీచేసిన కార్యాలయము లేని ఉత్తర్వును ముందుకు పంపరాదు. సంశయము కలిగినచో శాఖ అధికారిక ప్రకటనతో సరిచూచుకొనవలెను.

రెండవది, క్రమశిక్షణ నియమములు. కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమములు 1964 నాటివి, రైల్వే ఉద్యోగుల ప్రవర్తనా నియమములు 1966 నాటివి. ఇవి వాట్సాప్ పుట్టుకకు ముందువి యైనను, వాట్సాప్‌లో వ్రాసినదానికి కూడ వర్తించును. కార్యాలయ రహస్యపత్రము ఫోటోను బృందములో పెట్టుట చదువు కాదు. అది మెమోను ఆహ్వానించుట. సేవానిబంధనల గురించిన విమర్శను సంఘ బాధ్యుల ద్వారా చెప్పుట క్షేమకరము.

మూడవది ప్రాణమునకు సంబంధించినది. డ్యూటీలోనున్న లోకో పైలట్ ఫోను ఆపివేయవలెను. పట్టాల మధ్య పనిచేయువాడు చెవిలో పాఠము పెట్టుకొనరాదు. ఏ పాఠమును ప్రాణముకంటె విలువైనది కాదు.

మన కర్తవ్యము

కావున ప్రతి బ్రాంచి సంఘము ఈ క్రింది పనులను చేపట్టవలెనని కోరుచున్నాను. వారమునకు ఒక గంట నియమించుకొని సంఘ కార్యాలయములోనో, రన్నింగ్ రూములోనో పదిమంది కూర్చుండి ఒకే పాఠమును కలిసి వినవలెను, తరువాత చర్చింపవలెను. మొదటి ప్రశ్న అందరికంటె క్రింది శ్రేణి ఉద్యోగి అడుగవలెను. ఉద్యోగినులు తమకు వీలైన వేళను తామే నిర్ణయింపవలెను. సిగ్నలు ఉన్నచోట ఒకరు పాఠమును దింపుకొని, లేనిచోటివారికి ఫోనునుండి ఫోనుకు అందింపవలెను. ముందుకు పంపు ప్రతి పాఠమును ఒక అనుభవజ్ఞుడు సరిచూడవలెను. మన భాషలలో మన పాఠములను మనమే నమోదు చేయవలెను.

శాఖాధికారులయెదుట మనము ఉంచవలసిన కోర్కెలు ఇవి: శాఖ కోరిన ప్రతి ఇంటర్నెట్టు పాఠమును డ్యూటీ సమయముగా లెక్కింపవలెను. పరికరము, డేటా వ్యయము శాఖయే భరింపవలెను. పాఠములు తెలుగులోను ఉండవలెను. సిగ్నలు లేనిచోట అచ్చుప్రతియు, ధ్వనిరూపమును ఇవ్వవలెను. సిగ్నలు లేని కారణమున పాఠము పూర్తి చేయలేకపోయిన ఉద్యోగిపై చర్య తీసికొనరాదు.

ఈ కోర్కెలు న్యాయమైనవో కావో నిర్ణయించుటకు ఒక సులభమైన కొలబద్ద కలదు. ఏ ఉత్తర్వు వచ్చినను, ఏ క్రొత్త వేదిక వచ్చినను, ‘ఇది భేజ్జి వైపు పనిచేయు తపాలా సేవకునికి అందునా? అతడు తన మాటలో తిరిగి ప్రశ్నింపగలడా? అందుకు అతనికి సమయమున్నదా?’ అని అడుగుడు. అవునను సమాధానము వచ్చినచో, అది వాల్తేరు యార్డులోని వానికిని, సికింద్రాబాదు సార్టింగు కార్యాలయములోని వానికిని తప్పక అందును. కాదని వచ్చినచో, తలుపు తెరచియున్నదని ఎంతమంది చెప్పినను, గడప దాటుటకు దారి ఇంకను వేయవలసియున్నదని గ్రహింపవలెను. దారులు వేయుట, వానిని కాపాడుట మన వృత్తి. ఈ దారిని కూడ మనమే వేసికొందము.